పద్దెనిమిది అడుగుల రోడ్డు

నత్తలంకపాడు ఊళ్ళోంచి ఊరవతల కూలీల పేటకి వెళ్ళే రోడ్డుకి ఒకప్పుడు బండికి బండి ఎదురైతే తప్పుకునేంత వెడల్పు ఉండేది. ఇప్పుడు గేదె ఎదురైనా మనిషే ఆగాలి. ఒక పక్క మురుగు కాలువ, ఇంకో పక్క బాపిరాజు గారి నలభై ఎకరాల చేపల చెరువు. మురుగు కాలువ ఉన్నచోటే ఉంది. చెరువే రోడ్డు మీదికి నడిచొచ్చింది. ఏటా వేసవిలో చెరువు ఎండగట్టి పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ తొట్టె గట్టుకి కాస్త తగిలేది. జానెడు తగిలేది. జానెడే కదా అని ఎవరూ అడగలేదు. పన్నెండేళ్ళపాటు జానెడు చొప్పున పోయేసరికి ఇరవై అడుగుల రోడ్డు పదకొండుకి దిగింది.

ఈ లెక్క ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసినవాడు మత్తయి. మట్టిపని మేస్త్రి. నాలుగో తరగతిలో బడి మానేసి తండ్రి వెనకాల గంప పట్టుకున్నాడు. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. ఏ గట్టు ఎన్ని వానలకి నిలుస్తుందో దానిమీద నాలుగడుగులు నడిచి చెప్పగలడు. ఏటా వానలకి ముందు పంచాయతీ వాళ్ళు రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించి, "గుంటలు పూడ్చరా మత్తయ్యా" అనేవారు. ఆ గ్రావెల్ సర్పంచి గారి వీధి చివరికి వచ్చేసరికే అయిపోయేది. పేట రోడ్డుకి మిగిలేది ట్రాక్టరు చక్రాల గాడి ఒక్కటే.

పేటలో ఆ రోడ్డు అందరికీ కావాలి. మత్తయికి అందరికన్నా ఎక్కువ కావాలి. అతని కూతురు గ్రేస్‌కి మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. పది పాసైంది. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి ప్రభుత్వం ఇచ్చింది. ఊళ్ళో పంచాయతీ ఆఫీసు పక్క గదిలో టెలిఫోన్ బూత్ పెట్టుకోడానికి పంచాయతీ ఒప్పుకుంది. ఆకివీడులో చేపల ధర కనుక్కునే రైతులు, హైదరాబాదులో మేస్త్రీ పనికెళ్ళిన మొగుళ్ళతో మాట్లాడే ఆడవాళ్ళు, అందరూ గ్రేస్ ముందు నిలబడాల్సిందే. ఎండాకాలం బండి మీద తనే వెళ్ళేది. వాన పడిందా, ఆ నల్లమట్టిలో చక్రం జానెడు దూరం తిరగదు. అప్పుడు మత్తయి వీపు మీద ఎక్కించుకుని అర కిలోమీటరు మోసేవాడు. కల్వర్టు దగ్గర ఆడవాళ్ళు నవ్వేవారు. "గ్రేసమ్మా, మీ నాన్న బండికి పెట్రోలు పోశావా?" అని ఒకావిడ అడిగేది. గ్రేస్ కళ్ళు మూసుకునేది. ఊళ్ళోకి వచ్చేదాకా తెరిచేది కాదు.

మత్తయికి నడుం పట్టేసిన రోజున బూత్ మూతే. సర్పంచి మంగతాయారు గారు ఏమీ అనేవారు కాదు. సంతకాలు ఆవిడవి, మాటలు ఆవిడ భర్త అచ్యుతరావు గారివి. ఒకనాడు ఆయన చెప్పేశారు.

"నెలకి పదిరోజులు మూసుంటే అది బూత్ ఎలాగవుద్దిరా? మా మేనల్లుడు ఖాళీగా ఉన్నాడు. ఈ వానాకాలం చూస్తాను. మళ్ళీ ఇలాగే ఉంటే గది వాడికి రాసిచ్చేస్తాను. తర్వాత నన్ననుకోకు."

అది రెండువేల మూడు, జనవరి మాట. మార్చిలో అదే అచ్యుతరావు గారు కబురు పెట్టి పిలిపించారు.

"ఏరా మత్తయ్యా, మీ పేట పంట పండింది. తారు రోడ్డు శాంక్షన్ అయ్యింది."

"నిజవేనాండీ?"

"నిజవే. ఓ మెలిక ఉంది. గట్టు వెడల్పు పద్దెనిమిది అడుగులుంటేనే తారు. లేదంటే ఆ పని ఇంకో ఊరికి మార్చేస్తారు. వచ్చే గురువారం ఇంజనీరు ఏఈ గారు టేపు పట్టుకొస్తున్నారు."

"చెరువు పక్కన రెండొందల గజాల మేర పదకొండే ఉందండీ."

"ఆ సంగతి నాకు తెలీదేంటి? వెళ్ళి రాజుగారిని అడుగు."

"మీరడిగితే బావుంటుందండీ. పంచాయతీ మీది కదండీ."

"నేనడిగితే తగువవుద్దిరా. నువ్వడిగితే మనవి అవుద్ది."

మనవి చేసుకోడానికి మత్తయి చెరువుగట్టుకి వెళ్ళాడు. మేత బస్తాలు పెట్టుకునే పాకలో బాపిరాజు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. చెరువు ఎండి బీటలు తీసింది. దూరంగా పొక్లెయిన్ పూడిక ఎత్తిపోస్తోంది.

"రా మత్తయ్యా, కూర్చో. ఒరేయ్, మత్తయ్యకి టీ ఇవ్వండ్రా."

కూర్చోడానికి ఇంకో కుర్చీ లేదు. మత్తయి నిలబడే టీ తాగాడు. నిలబడే సంగతంతా చెప్పాడు.

రాజుగారు శ్రద్ధగా విన్నారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచిన మనిషి కాదు. "నేల మాత్రం అడక్కోయ్. మట్టి అడుగు, ఎంతైనా ఇస్తాను. ఎలాగూ పూడిక తీయిస్తున్నానా, అదంతా మీ గట్టుకి ఆనించి పోయించేస్తాను. మిషనూ నాదే, డీజిలూ నాదే. పైన నువ్వు చదును చేసుకో, గడ్డి పరుచుకో. టేపుకేం తెలుసు? ఎక్కడిదాకా మట్టి ఉంటే అక్కడిదాకా కొలుస్తుంది."

"మెత్తటి పూడికండీ. చెరువుకి నీళ్ళు పెడితే జారిపోద్దండీ."

"పోతే పోతుంది. ఈలోగా తారు పడుతుంది కదా. పడ్డ తారు ఎవడైనా ఎత్తుకెళ్తాడా?"

ఆ మాట మత్తయికి నచ్చింది. మనిషి గుంటలో పడేది ఇలాంటి చోటే. నిజానికి పాత గట్టుకి కొత్త మట్టి అతకాలంటే పాత గట్టుని మెట్లు మెట్లుగా కోసి, జానెడు మందాన పొర పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, అది ఆరాక ఇంకో పొర పోయాలి. రెండు నెలల పని. తండ్రి నేర్పింది అదే. కానీ తండ్రి నేర్పిందే ఇంకోటి కూడా ఉంది. తవ్విన గుంటలో లోతు కొలవడానికి మధ్యమధ్యలో మట్టి దిమ్మలు వదులుతారు. కొలతల రోజు తెల్లారేసరికి ఆ దిమ్మల నెత్తిన గడ్డి పెళ్ళ ఒకటి అతికించేస్తే లోతు నాలుగు వేళ్ళు ఎక్కువ పలుకుతుంది. ఆ అతుకు ఏ ఇంజనీరు కంటికీ కనపడకుండా వేయడంలో మత్తయిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ముప్పై ఏళ్ళుగా వేశాడు. కూలీలకి ఆ నాలుగు వేళ్ళలోనే సాయంత్రం కూర వచ్చేది. అది తప్పని ఎన్నడూ అనుకోలేదు. టేపు పట్టేది ఆఫీసు వాళ్ళు, తవ్వేది మనవాళ్ళు, అంతే.

నాలుగు రోజుల్లో పని తేల్చారు. పొక్లెయిన్ మెత్తటి పూడిక తెచ్చి గట్టు వాలుకి కుమ్మరించింది. మత్తయి ముఠా దాన్ని పలుగుపారలతో చదును చేసి, పైన పాత ఎర్రగ్రావెల్ చల్లి, మురుగు కాలువ గట్టు మీంచి గడ్డి పెళ్ళలు కోసుకొచ్చి అంచుకి పేర్చింది. ముఠాలో అప్పన్న నోరు ఊరుకోదు.

"మేస్త్రీ, ఇది గట్టా, పెళ్ళికూతురి జడా? పూలు కుట్టినట్టు కుడుతున్నావు."

"నోరు మూసుకుని ఆ పెళ్ళ ఇటివ్వు."

"ఇస్తాను కానీ, పెళ్ళికొడుకు కాస్త చూపు ఆనేవాడైతే?"

ముఠా అంతా నవ్వింది. మత్తయి కూడా నవ్వాడు. సాయంత్రం బూత్ మూసి వస్తూ గ్రేస్ బండి ఆపింది. గడ్డి పరిచిన కొత్త అంచు వంక చాలాసేపు చూసింది.

"ఇది నిలుస్తుందా నాన్నా?"

"రోడ్డు పడనీయమ్మా. తర్వాత సంగతి తర్వాత."

"నిలుస్తుందా అని అడిగాను."

మత్తయి బండి వెనక చెయ్యేసి తోశాడు. మట్టి గురించి కూతురు అడిగినదానికి జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

గురువారం ఏఈ గారు మోటార్ సైకిల్ మీద వచ్చారు. కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఎండకి తలకి చేతిరుమాలు కట్టుకున్నాడు. ఎనిమిది చోట్ల టేపు పట్టించాడు. ఎక్కడా పద్దెనిమిదికి తగ్గలేదు. ఆఖరి చోట కాలితో అంచు మీద రెండుసార్లు తొక్కి చూశాడు.

"ఏవండీ, ఈ గట్టు ఎప్పటిది?"

అచ్యుతరావు గారు ఆకాశం వంక చూశారు. బాపిరాజు గారు చెరువు వంక చూశారు.

"నా చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ," అన్నాడు మత్తయి.

కాగితం తయారైంది. ఫలానా రోడ్డు పొడవునా పద్దెనిమిది అడుగుల వెడల్పు ఉన్నది, ఇరుపక్కలా ఆక్రమణలు ఏమీ లేవు, పేట తరఫున చూపించినవారు మత్తయి అని రాశారు. మత్తయి వంకర అక్షరాలతో సంతకం పెట్టాడు. బాపిరాజు గారు, "ఆ కాగితం జిరాక్స్ నాకోటి ఇప్పించండి" అన్నారు. ఆయనకెందుకో మత్తయికి అర్థం కాలేదు. తారు కలల్లో ఉన్న మనిషికి జిరాక్స్ సంగతి ఎక్కడ తడుతుంది?

మే నెలాఖరుకి రోడ్డు పడింది. కంకర పలచగా, తారు ఇంకా పలచగా. అయినా నల్లగా మెరుస్తూ పేట దాకా వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అచ్యుతరావు గారు కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు ఉదయం గ్రేస్ తలకి నూనె రాసుకుని, జడేసుకుని బండెక్కింది. తల్లి వరమ్మ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టింది. మత్తయి అలవాటు కొద్దీ వెనక నడిచాడు. వంద గజాలు పోయేసరికి అందలేదు. పరుగెత్తినా అందలేదు. కల్వర్టు ఎక్కుతూ గ్రేస్ గంట మోగించింది. వెనక్కి తిరిగి చూడలేదు. మత్తయి రోడ్డు మధ్యలో నిలబడి రొప్పుతూ నవ్వాడు. ఆ తర్వాత రెండున్నర నెలలు అతని వీపు ఖాళీ. పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచేది కాదు.

జూన్‌లో చెరువుకి నీళ్ళు పెట్టారు. జూలైలో చేపపిల్ల వదిలారు. గడ్డి పెళ్ళలు కింద నుంచి పసుపు తిరగడం మత్తయి చూశాడు. అంచు వెంట వెంట్రుకంత చీలిక రావడమూ చూశాడు. ఎవరికీ చెప్పలేదు. పార పట్టుకెళ్ళి చీలికలో మట్టి దూర్చి, పైన కాలితో తొక్కి వచ్చేవాడు. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున బాపిరాజు గారి అవతలి చెరువులో చేపల పట్టుబడికి ఐసు లారీ వచ్చింది. లారీ వెళ్ళిపోయాక పావుగంటకి రెండొందల గజాల మేర గట్టు అంచు చప్పుడు లేకుండా చెరువులోకి దిగిపోయింది. తారులో సగం దాంతోపాటే పోయింది. మిగిలిన సగం చెరువు వైపుకి వాలి, ముక్కలు ముక్కలై, మధ్యలోంచి నల్లమట్టి పైకొచ్చింది. మనిషి మురుగు కాలువ వైపు ఒదిగి నడవగలడు. మూడు చక్రాల బండి పెడితే తిన్నగా నీళ్ళలోకే.

మత్తయి తడుచుకుంటూ ఇంటికెళ్ళి గుమ్మం ముందు వంగాడు, వీపు చూపిస్తూ.

"ఎక్కమ్మా."

"ఎక్కను నాన్నా."

"బూత్ టైమైపోతోంది."

"రెండున్నర నెలలు నా చేతుల్తో నేను వెళ్ళాను. మళ్ళీ ఆ ఆడవాళ్ళ ముందు నీ వీపెక్కలేను. రోడ్డు బాగుచేయించు."

వరమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "బాగుచేయించడానికి ఆయన కలెక్టరా?" అంది. మత్తయి నడుం ఎత్తి, అలాగే తడిబట్టలతో పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాడు. బాపిరాజు గారు అతనికన్నా ముందే వచ్చి కూర్చున్నారు. చేతిలో ఆ జిరాక్స్.

"మంచి సమయానికొచ్చావు మత్తయ్యా. మీ రోడ్డు నా చెరువులో పడింది. తారూ కంకరా నీళ్ళలో కలిసి చేపపిల్ల చచ్చిపోతోంది. ఎప్పుడు తీయిస్తారో పంచాయతీ వారిని అడుగుతున్నాను."

మత్తయి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. "అది మీ చెరువు కాదు కదండీ. ఏడడుగులు రోడ్డు నేలే కదండీ. మీ మిషను తినేసిన నేలండీ అది."

"అలాగా?" రాజుగారు కాగితం అచ్యుతరావు గారి ముందుకి జరిపారు. "ఆక్రమణలు ఏమీ లేవు అని రాసుందే. మత్తయ్య సంతకమేగా ఇది? చిన్నప్పట్నుంచీ ఇంతేనన్నది మీరూ విన్నారుగా?"

"విన్నానండీ," అన్నారు అచ్యుతరావు గారు. మత్తయి వైపు తిరిగారు. "తారు వేసిన రోడ్డు మీద ఐదేళ్ళ దాకా ఇంకో ఎస్టిమేట్ వెయ్యరురా. అది రూలు. గుంటలైతే పూడ్పించగలం. గట్టే లేకపోతే ఏం పూడుస్తాం? బూత్ సంగతి చూసుకో. దసరా దాటితే నేనాగను."

మంగతాయారు గారు లోపలి గదిలోంచి ఒకసారి తొంగి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

పేటలో ఎవరూ జాలిపడలేదు. చేపలు సర్దే ఐసు షెడ్డుకి పనికెళ్ళే ఆడవాళ్ళని ఎక్కించుకునే వ్యాను రావడం మానేసింది. అందరూ మత్తయి ఇంటి ముందు నుంచే బురద తొక్కుకుంటూ వెళ్ళేవారు. "మేస్త్రి గారండీ, కాస్త గడ్డి పెళ్ళ ఉంటే ఇప్పించండి, ఇంటి చూరుకి అతికించుకుంటాం" అని ఒకడు. "టేపుకి సరిపడా కట్టాడు, మనుషులకి సరిపడా కట్టలేదు" అని ఇంకొకడు. అప్పన్న మాత్రం ఏమీ అనలేదు. ఆ అంచు మీద అతని చెయ్యి కూడా ఉంది.

గ్రేస్ తెల్లకాగితం తీసుకుని కలెక్టరు గారికి అర్జీ రాయడానికి కూర్చుంది. మత్తయి చెబుతున్నాడు. "కాంట్రాక్టరు పని బాగా చేయలేదని రాయి. కంకర తక్కువ వేశాడని రాయి."

గ్రేస్ కలం ఆపింది. "గట్టు ఎవరు వేశారో రాయనా, వద్దా?"

"అదెందుకమ్మా?"

"అది రాయకపోతే వాళ్ళు ఆ కాగితమే చూపిస్తారు. కలెక్టరాఫీసు వాళ్ళు గట్టు పద్దెనిమిది ఉందనుకుంటారు. లేదని చెప్పాల్సింది నువ్వే. రాజుగారి మట్టితో నువ్వే పోయించావనీ, అబద్ధం చెప్పావనీ రాస్తేనే మళ్ళీ కొలుస్తారు."

వరమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "అలా రాస్తే మీ నాన్నకి ఈ చుట్టుపక్కల పార పట్టే పని ఇచ్చేవాడు ఉంటాడా? కేసు పెడితే?"

మత్తయి తన చేతుల వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులు అతికించిన పెళ్ళలన్నీ ఎక్కడో అక్కడ కరిగిపోయే ఉంటాయి. వాటి మీద ఎవరు నడిచారో, ఎవరు పడ్డారో తను ఎన్నడూ వెనక్కెళ్ళి చూడలేదు.

"రాయమ్మా," అన్నాడు. "ఉన్నదున్నట్టు రాయి."

సోమవారం ఏలూరు వెళ్ళాడు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోట మధ్యాహ్నం దాకా వరసలో నిలబడ్డాడు. అర్జీ తీసుకున్నాయన మొదటి నాలుగు వరసలు చదివి, మత్తయిని ఎగాదిగా చూసి, "మీ మీద మీరే రాసుకున్నారేంటండీ?" అన్నాడు. ముద్ర వేసి నంబరు రాసిచ్చాడు. మత్తయి ఆ చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. చాలా ఏళ్ళ తర్వాత గుండె తేలిగ్గా ఉంది. మళ్ళీ టేపు వస్తుంది, ఈసారి పాత హద్దు తనే చూపిస్తాడు, గట్టు మెట్లు కోసి తనే కడతాడు. కైకలూరు దాకా అదే ఆలోచన.

నెలన్నర గడిచింది. టేపు రాలేదు. అర్జీ వచ్చింది. ఏలూరులో బయల్దేరి జిల్లా పంచాయతీ ఆఫీసుకెళ్ళి, అక్కణ్ణుంచి మండలానికెళ్ళి, "తగు విచారణ జరిపి నివేదిక పంపవలెను" అని మూడు సంతకాలతో తిరిగి తిరిగి నత్తలంకపాడు పంచాయతీకే చేరింది. విచారణ చేయాల్సింది సర్పంచి గారు. అంటే అచ్యుతరావు గారు.

ఆయన మత్తయిని పిలిపించి, పదిమంది మధ్యలో అర్జీ పైకి చదివారు. గ్రేస్ చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు కూడా.

"ఇందులో నేరం చేశానని ఒప్పుకున్నది ఎవడురా?"

"నేనేనండీ. కానీ చేయించింది..."

"చేయించింది ఎవరో ఏ కాగితంలో ఉంది? ఉంటే చూపించు." ఆయన అర్జీ మడతపెట్టారు. "పాపం ఒప్పేసుకున్నాడు, ముసలాడవుతున్నాడు, పోలీసు కేసు వద్దని నేనే రాస్తున్నాను. ఇకనించి పంచాయతీ మట్టిపనులు నీకు ఇవ్వం. ఇదే తీర్మానం."

నివేదిక వెళ్ళిపోయింది. రోడ్డు పద్దెనిమిది అడుగులే, వర్షాల వల్ల స్వల్పంగా దెబ్బతిన్నది, అర్జీ పరిష్కరించబడినది. బాపిరాజు గారు పెద్దమనసు చేసుకుని తన చెరువులో పడ్డ తారు తీయించమని పట్టుబట్టలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

దసరాకి నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం గ్రేస్, "నాన్నా, రేపు నన్ను బూత్‌కి తీసుకెళ్ళు" అంది. మత్తయి మొహం విచ్చుకుంది. పొద్దున్నే వంగాడు. గ్రేస్ ఎక్కింది. వెనక వరమ్మ చాప, కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు, చీరల మూట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే అప్పుడు అర్థమైంది అతనికి. ఈసారి గ్రేస్ కళ్ళు మూసుకోలేదు. వాలిపోయిన తారుని, చెరువుని, కల్వర్టు మీద ఆడవాళ్ళని, అన్నిటినీ చూస్తూ వచ్చింది. ఆడవాళ్ళు కూడా నవ్వలేదు.

బూత్ గది ఎనిమిదడుగులు, ఆరడుగులు. టెలిఫోన్ బల్ల కింద చాప పరిస్తే కాళ్ళు గోడకి తగులుతాయి. ఎలాగూ కదలని కాళ్ళు కాబట్టి సరిపోయింది. మంగతాయారు గారు ఒకసారి గుమ్మం దాకా వచ్చి, "రాత్రిళ్ళు కూడా ఇక్కడేనా అమ్మా?" అని అడిగారు.

"ఇక్కడేనండీ. రోజూ తెరిచే ఉంటుందండీ. అచ్యుతరావు గారికి చెప్పండి."

మేనల్లుడికి గది రాలేదు. అంతవరకూ గ్రేస్ గెలిచింది.

మత్తయి రోజూ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేవాడు. పని లేదు కాబట్టి అదే పని. మొదటి శనివారం ఖాళీ క్యారేజీ తీసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"రేపు ఆదివారం కదమ్మా. చర్చికి వస్తావా? తెల్లారకముందే వచ్చి తీసుకెళ్తాను, ఎవరూ చూడరు."

గ్రేస్ ఎవరికో నంబరు కలుపుతోంది. రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని అతని వంక చూసింది. కోపం లేదు. అదే మత్తయికి భరించడం కష్టమైంది.

"రోడ్డుంటే వస్తాను నాన్నా."

అవతల ఫోను ఎత్తారు. గ్రేస్ అటు తిరిగి, "ఆ, మాట్లాడండి" అని రిసీవరు రైతుకి ఇచ్చింది.

మర్నాడు పేట చర్చిలో పాస్టరు గారు వానల కోసం, పంటల కోసం, అధికారుల మనసులు కరగడం కోసం, రోడ్డు కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. మత్తయి అనలేదు. వరమ్మ మోచేత్తో పొడిచినా అనలేదు.